కన్నే వెనుక గురి: షాట్‌గన్‌కు సైట్ అమర్చడంలోని భౌతికశాస్త్రం

రైఫిల్ మీద గురి చూసేందుకు రెండు గుర్తులు ఉంటాయి. కంటికి దగ్గరగా ఒక గాడి, గొట్టం మూతి దగ్గర ఒక మొన. ఈ రెండూ లక్ష్యంతో ఒకే సరళరేఖలో నిలిచినప్పుడు గురి కుదిరినట్టు. పక్షులను వేటాడడానికి రూపొందిన షాట్‌గన్‌లో మాత్రం గొట్టం చివర రెండు మూడు మిల్లీమీటర్ల ఇత్తడి పూస ఒక్కటే కనిపిస్తుంది, వెనుక వైపు ఏ గుర్తూ ఉండదు. అంతమాత్రాన ఈ తుపాకీకి వెనుక గురి లేదనుకోకూడదు. ఆ స్థానాన్ని కాల్చేవారి కన్నే ఆక్రమిస్తుంది. ఆ కన్ను ప్రతిసారీ అదే చోటికి వచ్చి నిలిచేలా చేసే బాధ్యత స్టాక్ అనే కర్ర భాగానిదీ, దాని పైఅంచు మీద ఆనే చెంపదీ. స్టాక్ కొలతలు మనిషి ఒంటికి సరిపోవాలని తుపాకీ తయారీదారులు తరతరాలుగా పట్టుబట్టడానికి కారణం అందచందాలు కాదు, ఈ జ్యామితియే.

ఆ జ్యామితిని అంకెల్లో చూస్తే విషయం స్పష్టమవుతుంది. కంటికీ మూతి మీది పూసకూ మధ్య దూరం సుమారు 90 సెంటీమీటర్లు ఉండే తుపాకీతో 36 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కాల్చుతున్నారనుకుంటే, ఆ దూరం కంటి నుంచి పూసకున్న దూరానికి 40 రెట్లు. కనుక కన్ను ఉండవలసిన చోటు కన్నా ఒక మిల్లీమీటరు పైకి లేస్తే దెబ్బ తగిలే చోటు సుమారు 40 మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. తొందరలో చెంప స్టాక్ మీద సరిగా ఆనక తల ఒక సెంటీమీటరు లేచిందంటే తేడా 40 సెంటీమీటర్లకు చేరుతుంది. రైఫిల్ విషయంలో ఇంత తప్పును ఊహించడం కూడా కష్టం. షాట్‌గన్ దానిని కొంతవరకు భరించగలగడానికి కారణం, అది ఒక తూటాను కాక వందల కొద్దీ సీసపు గుళ్ళను ఒకేసారి వదలడమే.

ఈ తుపాకుల కొలతను సూచించే 12 బోర్ అనే మాటకు ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గోళాలుగా పోస్తే వాటిలో ఒక గోళం గొట్టంలో సరిగ్గా పడుతుందని అర్థం. ఆ లెక్క ప్రకారం గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. గొట్టం లోపల రైఫిల్‌లో ఉండే మెలికల గాడులు లేక నునుపుగా ఉంటుంది. మూతి దగ్గర మాత్రం చోక్ అనే స్వల్పమైన ఇరుకు ఉంటుంది, అది గుళ్ళ గుంపు ఎంత త్వరగా విచ్చుకోవాలో నిర్ణయిస్తుంది. దాని పనితనాన్ని 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం గీసి, అందులో ఎన్ని గుళ్ళు పడ్డాయో లెక్కపెట్టి తేలుస్తారు; ఇరుకు ఎక్కువగా ఉండే ఫుల్ చోక్‌తో 70 శాతం, ఇరుకే లేని గొట్టంతో 40 శాతం పడతాయని వాడుకలో ఉన్న ప్రమాణం. ఆ వృత్తపు వ్యాసార్థం 38 సెంటీమీటర్లు. తల ఒక సెంటీమీటరు లేచినప్పుడు వచ్చే 40 సెంటీమీటర్ల తప్పు లక్ష్యాన్ని ఆ వృత్తపు అంచు దాటిస్తుందన్నమాట. షాట్‌గన్ ఎంత ఉదారమైనదో, ఆ ఉదారత ఎక్కడ ముగుస్తుందో ఈ రెండు అంకెలు పక్కపక్కనే చెబుతాయి.

ఎగిరే లక్ష్యానికి ఈ ఏర్పాటు చాలడమే కాదు, మేలైనది కూడా. మట్టిపలక ఒకటి సెకనుకు 20 మీటర్ల వేగంతో 30 మీటర్ల దూరంలో అడ్డంగా పోతున్నప్పుడు, గుళ్ళు అక్కడికి చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది కాబట్టి, పలకకు దాదాపు రెండు మీటర్ల ముందు భాగంలోకి కాల్చవలసి ఉంటుంది. అప్పుడు చూపు పలక మీదే నిలవాలి; పూస కంటి అంచున మసకగా కనిపిస్తే చాలు, దాని మీదికి చూపు మళ్ళిన మరుక్షణం తుపాకీ ఊపు ఆగిపోతుంది. నిపుణులు షాట్‌గన్‌ను గురిపెట్టరు, వేలు చూపినట్టు చూపిస్తారన్న మాట ఇందుకే పుట్టింది. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీలో, అంటే నేల కింది యంత్రం విసిరే పలకలను కాల్చే పోటీలో, పాల్గొన్న హైదరాబాదు క్రీడాకారుడు కైనన్ చెనాయ్ వంటివారి ఆట ఈ కోవకు చెందినదే. ఆ క్రీడల అంతర్జాతీయ నిబంధనలు లక్ష్యాన్ని పెద్దది చేసి చూపే సాధనాలనూ, కాంతిని వెలువరించే సాధనాలనూ తుపాకీకి అమర్చనివ్వవు. కనుక సైట్, అంటే గురి చూసే సాధనం, అమర్చే ప్రశ్న ఈ ఆటలో ఉదయించదు.

ఆ ప్రశ్న ఉదయించేది షాట్‌గన్ తన ఉదారతను వదులుకున్నప్పుడు. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లోనూ, అమెరికాకు చెందిన కార్ల్ ఫాస్టర్ 1931లోనూ రూపొందించిన స్లగ్‌లు, అంటే గుళ్ళకు బదులు గొట్టమంత లావున ఉండే ఒకే సీసపు ముద్దలు, నునుపు గొట్టాన్ని జింకల వేటకు పనికివచ్చేలా చేశాయి. అమెరికాలోని ఇలినాయ్, ఒహాయో, ఇండియానా, అయోవా వంటి చదునైన, జనం పలచగా అంతటా పరచుకున్న వ్యవసాయ రాష్ట్రాలు, రైఫిల్ తూటా గురితప్పితే కిలోమీటర్ల దూరం పోగలదన్న భయంతో, జింకల వేటలో రైఫిల్‌ను చాలాకాలం అనుమతించక షాట్‌గన్‌కే చోటిచ్చాయి. ఒకే ముద్ద పోయే తుపాకీకి 38 సెంటీమీటర్ల వ్యాసార్థపు వృత్తం రక్షణ ఇవ్వదు. అడవి టర్కీ కోడి వేటలోనూ ఇదే పరిస్థితి ఎదురైంది: తలకూ మెడకూ మాత్రమే తగలాలన్న ఉద్దేశంతో చోక్‌ను బాగా బిగించి, ఇటీవల సీసం కన్నా ఎంతో సాంద్రమైన టంగ్‌స్టన్ గుళ్ళను కూడా వాడడంతో, దగ్గర దూరాల్లో గుంపు పళ్ళెమంతకు కుదించుకుపోయింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వినోదపు వేటకు తలుపు మూసివేశాయి గనుక, ఈ అధ్యాయంలో చెప్పే అమరికలకు పుట్టిల్లు అమెరికాయే.

పూసకు బదులుగా వచ్చిన మొదటి మార్పు రైఫిల్ తరహా గాడినీ మొననూ తెచ్చి పెట్టడం. ఇది తేలికైనదే గాని కంటికి ఒక అసాధ్యమైన పని చెబుతుంది. కన్ను ఒక క్షణంలో ఒకే దూరానికి కటకాన్ని సవరించుకోగలదు. 40 సెంటీమీటర్ల దూరంలోని గాడి, 90 సెంటీమీటర్ల దూరంలోని మొన, 50 మీటర్ల అవతలి జంతువు ఒకేసారి స్పష్టంగా కనిపించవు. కటకపు శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు, మీటర్లలోని దూరాన్ని తలకిందులు చేస్తే వచ్చే సంఖ్య అది. ఆ లెక్కన గాడిని చూడటానికి కన్ను అదనంగా రెండున్నర డయాప్టర్లు, మొనను చూడటానికి ఒకటికి కాస్త ఎక్కువ కూడదీసుకోవాలి. నలభై దాటిన కన్నులో కటకం బిరుసెక్కి ఈ శక్తి ఏటేటా తగ్గిపోతుంది కాబట్టి, వయసు మళ్ళిన వేటగాడికి మొదట మసకబారేది వెనుక గాడే. గాడి స్థానంలో పెద్ద రంధ్రమున్న సన్నని ఉంగరాన్ని పెట్టడం దీనికి ఒక పరిష్కారం: దానిలోంచి చూస్తున్నప్పుడు ఉంగరం నీడలా కరిగిపోతుంది, కన్ను తనకు తెలియకుండానే మొనను దాని మధ్యకు తెచ్చుకుంటుంది.

పూసనే మరింత ప్రకాశవంతం చేసే ప్లాస్టిక్ పోగు ఇంకొక మార్గం. దీనికి బ్యాటరీ అక్కరలేదు. పోగులో కలిపిన ప్రతిదీప్తి రంగు చుట్టుపక్కల వెలుతురులోని తక్కువ తరంగదైర్ఘ్యపు కాంతిని పీల్చుకుని ఎక్కువ తరంగదైర్ఘ్యంతో తిరిగి వెలువరిస్తుంది. అలా వెలువడిన కాంతిలో కొంత భాగం పోగు గోడలను ఏటవాలుగా తాకి, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల బయటపడలేక, చివరకు కొసల నుంచి వస్తుంది. పోగు పొడవునా సేకరించిన కాంతి చిన్న కొసలో పోగుపడడం వల్ల ఆ కొస దీపంలా మెరుస్తుంది. మనిషి కన్ను పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ రంగు ప్రాంతంలో, అత్యంత చురుకుగా ఉంటుంది గనుక ఆకుపచ్చ పోగు ఎర్రదాని కన్నా కాంతివంతంగా తోస్తుంది. వెలుతురు లేనిచోట సేకరించడానికీ ఏమీ ఉండదు. అలాంటి వేళకు ట్రిటియం వాయువు నింపిన చిన్న గాజు గొట్టాలున్నాయి గాని, 12.3 ఏళ్ళ అర్ధాయుష్షు వల్ల వాటి వెలుగు ఒక వ్యాపార హామీకాలం కన్నా ఎక్కువగానూ, ఒక మంచి తుపాకీ ఆయుష్షు కన్నా చాలా తక్కువగానూ నిలుస్తుంది.

వీటన్నిటిలోనూ సమస్యను మొదలంటా మార్చివేసింది ప్రతిబింబ సైట్. దూరదర్శినుల తయారీలో పేరుపొందిన డబ్లిన్ నగరవాసి హోవర్డ్ గ్రబ్ 1900లో దీనికి పేటెంటు పొందాడు. ఆయన ఆలోచన సరళమైనది: వంపు దర్పణపు నాభి దగ్గర ఒక వెలుగు చుక్కను ఉంచితే, దాని కిరణాలు పరావర్తనం చెంది సమాంతరంగా బయటికి వస్తాయి, సమాంతర కిరణాలు కంటికి చేరినప్పుడు ఆ చుక్క అనంత దూరంలో ఉన్నట్టు తోస్తుంది. దర్పణం పాక్షికంగా పారదర్శకమైనదైతే, దానిగుండా కనిపించే లక్ష్యం మీదే ఆ చుక్క అతికినట్టు కనిపిస్తుంది. మొదట యుద్ధవిమానాల్లో స్థిరపడిన ఈ పద్ధతి, రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో నైడార్ అనే అమెరికన్ సైట్ రూపంలో షాట్‌గన్ మీదికి వచ్చింది. నైడార్‌కు సొంత దీపం లేదు, పరిసరాల వెలుతురుతోనే అందులోని గుర్తు వెలిగేది. అందువల్ల నీడలో నిలబడి ఎండలోకి చూసినప్పుడు గుర్తు మాయమయ్యేది. 1962లో ఎర్రని కాంతినిచ్చే ఎల్‌ఈడీ వచ్చాక, 1975లో స్వీడన్ సంస్థ ఎయిమ్‌పాయింట్ దానితో వెలిగే సైట్‌ను వేటగాళ్ళకు అందించడంతో ఆ లోటు తీరింది. నేటి సైట్లలో గాజు మీది పలుచని పూత ఎరుపులోని ఇరుకైన పట్టీని మాత్రమే పరావర్తనం చేసి మిగతా రంగులను సాగనిస్తుంది. వాటిలోంచి చూసినప్పుడు లోకం కాస్త నీలిగా కనిపించేది అందుకే.

ఇప్పుడు పై లెక్కను మళ్ళీ వేయాలి. చుక్క కిరణాలు సైట్ అక్షానికి సమాంతరంగా వస్తున్నప్పుడు, కన్ను ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా అది చూసే రేఖ కూడా అక్షానికి సమాంతరంగానే ఉంటుంది, ఒక సెంటీమీటరు ఎడంగా ఉంటుందంతే. కాబట్టి లక్ష్యం 36 మీటర్ల దూరంలో ఉన్నా 90 మీటర్ల దూరంలో ఉన్నా తప్పు ఆ ఒక్క సెంటీమీటరే. పూసతో 40 సెంటీమీటర్లు, ఈ చుక్కతో ఒకటి. కన్ను జరగడం వల్ల గురి జరగడాన్ని పారలాక్స్ అంటారు. నిజమైన సైట్లలో దర్పణపు వంపు పరిపూర్ణం కాదు కనుక అది కాస్త మిగిలే ఉంటుంది. అయినా వెనుక గురిగా ఉండవలసిన పని నుంచి కంటికి ఇక్కడ విడుదల దొరికింది. ఆ పని ఎక్కడికీ పోలేదు. అది ఇప్పుడు సైట్‌కూ గొట్టానికీ మధ్యనున్న లోహపు కీళ్ళ మీద పడింది. సైట్ అడుగున పది సెంటీమీటర్ల పట్టీ ఉందనుకుంటే, దాని ఒక కొస మిల్లీమీటరులో పదో వంతు కదిలినా 90 మీటర్ల దూరంలో దెబ్బ తొమ్మిది సెంటీమీటర్లు తప్పుతుంది. అమరిక అనే పనికి గౌరవం దక్కవలసింది ఇక్కడే. సైట్ కొనేవారు దాని అద్దాల గురించి విచారించినంతగా దాని కింది మరల గురించి విచారించరు.

ఆ కీలు తట్టుకోవలసిన బలం తక్కువది కాదు. 28 గ్రాముల స్లగ్ సెకనుకు 490 మీటర్ల వేగంతో బయటపడినప్పుడు, ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం, 3.2 కిలోల తుపాకీ సెకనుకు 4.3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. మందు వాయువుల వాటా కలిపితే అంతకన్నా ఎక్కువ. 60 సెంటీమీటర్ల గొట్టాన్ని స్లగ్ దాటే సుమారు రెండున్నర మిల్లీసెకన్లలో ఇదంతా జరిగిపోతుంది గనుక, సగటు త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి 170 రెట్లకు పైనే. వంద గ్రాముల చిన్న సైట్ ఆ క్షణంలో 17 కిలోల బరువులా, అర కిలో దూరదర్శిని 85 కిలోల బరువులా తన మరలను లాగుతుంది. పీడనం మొదట్లోనే శిఖరానికి చేరుతుంది కాబట్టి అసలు కుదుపు ఈ సగటును మించుతుంది. తుపాకీ వెనక్కి తన్నుతుంటే సైట్ జడత్వం వల్ల ఉన్నచోటనే ఉండిపోజూస్తుంది, అంటే తుపాకీ దృష్టితో చూస్తే అది ముందుకు జారుతుంది. అందుచేత పికటినీ అనే అడ్డ గాడుల పట్టీ మీద సైట్‌ను బిగించేవారు ముందుగా దానిని మూతి వైపు నెట్టి, దాని అడ్డ మర పట్టీ గాడి ముందు గోడను తాకేలా చేసి, ఆ తరువాతే బిగిస్తారు. లేకపోతే మొదటి కొన్ని దెబ్బలు ఆ సందును తామే పూడ్చుకుంటాయి, అంతసేపూ గురి మారుతూనే ఉంటుంది. అమెరికా సైన్యం 1995లో ప్రామాణికం చేసిన ఈ పట్టీ మీద 5.23 మిల్లీమీటర్ల వెడల్పు గాడులు దాదాపు పది మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి.

పట్టీని తుపాకీకి బిగించే చిన్న మరలు ఈ బలాన్ని తమ కాండంతో అడ్డగించకూడదు, లోహాన్ని లోహానికి నొక్కి పట్టి ఘర్షణ చేత ఆపాలి. బిగించినప్పుడు మర లేశమాత్రంగా సాగి, తిరిగి కుదించుకోవాలనే ప్రయత్నంలో రెండు భాగాలను కలిపి నొక్కుతుంది. ఆ నొక్కుడు తన్ను కన్నా బలంగా ఉన్నంతకాలం ఏదీ కదలదు. ఇలాంటి మరలకు సాధారణంగా సుమారు రెండు న్యూటన్ మీటర్ల బిగువు చాలు, పది సెంటీమీటర్ల కీ కొసకు రెండు కిలోలు వేలాడదీసినంత. అంతకు మించి బిగిస్తే రెమింగ్టన్ 870 వంటి ఉక్కు రిసీవర్, అంటే తుపాకీ యంత్రాంగాన్ని ఇముడ్చుకున్న పెట్టె, ఓర్చుకోవచ్చు గాని మాస్‌బర్గ్ 500కు ఉన్న అల్యూమినియం మిశ్రలోహపు రిసీవర్‌లో మర చుట్లు ఊడివస్తాయి. కుదుపుకు మర వదులు కాకుండా రాసే జిగురుది మరొక విచిత్రం: అమెరికా రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో రూపొందించిన, తరువాత లాక్‌టైట్ అనే పేరు పొందిన ఈ ద్రవం గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉండి, మర చుట్ల మధ్య ఆక్సిజన్ అందని ఇరుకులో లోహం తాకిడికి గట్టిపడుతుంది. నూనె మరకలుంటే అది సరిగా పట్టదు గనుక రంధ్రాలను ముందే శుభ్రం చేయాలి. తరువాత విప్పడానికి వీలుండేలా చాలామంది మధ్యస్థమైన పట్టున్న నీలిరంగు రకాన్నే వాడతారు.

కొత్త రంధ్రాలు తొలచడం తుపాకీ మరమ్మతు నిపుణుడి పని. రిసీవర్ లోపల ముందుకూ వెనక్కీ జారే బోల్ట్‌కు మర కొస తగిలితే యంత్రాంగం బిగుసుకుపోతుంది. ముందు పూసను మార్చడం తేలికని భావించేవారు గుర్తుంచుకోవలసినది ఇంకా ప్రమాదకరమైనది, పూస మర పొడవు ఎక్కువై గొట్టం లోపలికి పొడుచుకువస్తే పోయే గుళ్ళ గుంపుకు అదే అడ్డంకి అవుతుంది. రెండు గొట్టాల తుపాకులలో గొట్టాలను కలిపే పట్టీలను తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే సీసం తగరం మిశ్రమంతో అతికి ఉంటారు కాబట్టి వాటి దగ్గర వేడి చేసి ఏదైనా అతకడం తెలివైన పని కాదు. తొలచడం ఇష్టం లేనివారికి రిసీవర్ మీద జీనులా కూర్చుని, మీట యంత్రాంగాన్ని పట్టి ఉంచే పిన్నుల స్థానంలో మరలు వేసి బిగించే పట్టీ దొరుకుతుంది. పక్క మరలను మరీ బిగిస్తే రిసీవర్ గోడలు నొక్కుకుపోయి తుపాకీ పనిచేయడం బరువెక్కడం దాని బలహీనత.

రిసీవర్ మీద సైట్ ఎంత గట్టిగా కూర్చున్నా ఒక చిక్కు మిగులుతుంది. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 వంటి పంపు తుపాకులలో గొట్టాన్ని చేత్తో విప్పి తీయవచ్చు, కనుక రిసీవర్‌లో అది కూర్చునే చోట కొద్దిపాటి వదులు తప్పదు. సైట్ రిసీవర్‌తోనూ, తూటా గొట్టంతోనూ ప్రయాణిస్తున్నప్పుడు వాటి మధ్య ఆ వదులు ఉండటమంటే, పై జ్యామితి మొత్తం ఒక సడలిన కీలు మీద ఆధారపడటమే. స్లగ్ గొట్టాలకు కాంటిలీవర్ అనే పట్టీని గొట్టానికే అతికి, దాని కొసను వెనక్కి రిసీవర్ మీదుగా గాలిలో చాచి, సైట్‌ను ఆ కొస మీద పెట్టడం ఇందుకు వచ్చిన సమాధానం. గొట్టం కదిలినా సైట్ దానితోపాటే కదులుతుంది. విప్పి మళ్ళీ తొడిగినా వాటి మధ్య కోణం మారదు. ఉన్న పరిష్కారాలలో ఇంతకన్నా నిజాయితీగల ఇంజనీరింగు లేదు.

సైట్ ఎత్తు పెరగడంతో మొదటి సమస్య మరో రూపంలో తిరిగివస్తుంది. పూసను చూడటానికి కొలిచి చేసిన స్టాక్ మీద చెంప ఆన్చితే, నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున ఉన్న సైట్ కిటికీ కంటికి అందదు. తల ఎత్తి గడ్డం ఆన్చవలసి వస్తుంది. పారలాక్స్ దాదాపు లేదు గనుక గురికి నష్టం లేదని వాదించవచ్చు గాని, చుక్క ఎక్కడుందో వెతుక్కోవడానికి పోయే సమయం, ఆధారం లేని చెంప ఎముకకు తగిలే తన్ను ఆ వాదనను నిలవనివ్వవు. స్టాక్ పైఅంచున మెత్తని దిండు కట్టి ఎత్తు పెంచడం చవకైన మార్గం, ఎత్తు సవరించుకునే స్టాక్ వేయడం ఖర్చయిన మార్గం. కంటిలో ఆస్టిగ్మాటిజమ్, అంటే కంటి ముందు పొర వంపు అన్ని దిక్కులా సమానంగా లేని లోపం, ఉన్నవారికి చుక్క గుండ్రంగా కాక కామాలా, నక్షత్రంలా చీలి కనిపిస్తుంది. కాగితంలో సూదితో పొడిచిన రంధ్రంలోంచి చూసినప్పుడు అది గుండ్రంగా మారితే లోపం కంటిదే తప్ప సైట్‌ది కాదు.

ఇన్ని జరిగాక మిగిలేది కాగితం మీద సరిచూడటం. గదీ మందుగుళ్ళ గొట్టమూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని చేసే అమరిక వేరు, మైదానంలో చేసే ఈ సవరణ వేరు. కోణాన్ని ఇక్కడ డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషాలలో కొలుస్తారు. ఒక నిమిషం వంద మీటర్ల దూరంలో 2.9 సెంటీమీటర్లు. సైట్ పక్కనున్న చిన్న మరను ఒక టిక్కు తిప్పితే గురి ఒక నిమిషమో, అర నిమిషమో జరుగుతుంది. ఫాస్టర్ స్లగ్ 50 గజాలు పోయేసరికి ఆరు సెంటీమీటర్ల వరకు, వంద గజాలకు దాదాపు అడుగు వరకు కిందికి వాలుతుంది గనుక, 50 గజాల ప్రాంతంలో గురి కుదిర్చి అంతకు మించిన దూరాలకు ఆ వాలును మనసులో ఉంచుకోవడం వాడుక. ఒక్క దెబ్బను చూసి మర తిప్పడం తొందరపాటు. మూడు నాలుగు దెబ్బల గుంపు మధ్యబిందువును గుర్తించి దానినే సవరించాలి. గుళ్ళ తూటాతోనైతే ఒక్క దెబ్బలోనే వందల గుర్తులు పడతాయి, అయినా వాటి గుంపు కేంద్రం దెబ్బ దెబ్బకూ కొంత మారుతుంది. చోక్ మార్చినా, తూటా రకం మార్చినా అది కొత్త తుపాకీతో సమానమే. రిసీవర్ మీద సైట్ పెట్టిన తుపాకీ గొట్టాన్ని తుడవడానికి విప్పినప్పుడు, మరలా తొడిగాక కాగితం ముందు కనీసం రెండు దెబ్బలు ఖర్చుపెట్టక తప్పదు. కాంటిలీవర్ ఉన్నవారు మాత్రం ఆ తూటాలను మిగుల్చుకోవచ్చు.